మున్సిపల్ ఆఫీసు వన్‌టౌన్ నుంచి ఆశీల్‌మెట్టకు ఎందుకొచ్చినట్టు?

ప్రశ్న: మా మామయ్యగారు విశాఖ మున్సిపల్ ఆఫీసంటే ఇప్పటికీ వన్‌టౌనే అంటారు. మాకేమో ఊహ తెలిసినప్పటి నుంచీ ఆశీల్‌మెట్ట దగ్గరున్న జీవీఎంసీ (గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్) ఆఫీసే తెలుసు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్? దానికి తెన్నేటి భవన్ అని పేరెందుకు పెట్టారు?
– ఒక పాఠకురాలు, అక్కయ్యపాలెం

జవాబు: మీ మామయ్యగారిని ఏమీ అనకండి, ఆయన చెప్పేదీ నిజమే. ఒకప్పుడు విశాఖపట్నం అంటేనే వన్‌టౌన్. కోటవీధి, కురుపాం మార్కెట్, టౌన్ హాల్, అన్నీ అక్కడి కొండకీ సముద్రానికీ మధ్యే ఉండేవి, మున్సిపల్ ఆఫీసూ అక్కడే. 1858లో ఊరి పెద్దల సంఘంగా మొదలైన ఈ వ్యవహారం, 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాల కోసం చట్టం తెచ్చాక మున్సిపాలిటీ అయింది. 1900 ప్రాంతంలో ఊరి జనాభా 40 వేలు, అంతే. అంత ఊరికి ఆ ఆఫీసు సరిపోయింది.

తర్వాత ఊరు జరిగింది. 1926లో బెజవాడలో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో ఇక్కడికి వచ్చింది, 1933 అక్టోబరులో కొత్త హార్బరులోకి జలదుర్గ అనే మొదటి ఓడ వచ్చింది, ఆ పైన షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ. ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లు ఇరుకు సందుల్లో ఎక్కడ ఉంటారు? వాల్తేరు వైపు, ద్వారకానగర్ వైపు, ఇంకా పైకి ఇళ్లు కట్టుకుంటూ పోయారు. వన్‌టౌన్ చూస్తే ఒకపక్క సముద్రం, ఇంకోపక్క హార్బరు, పెరగాలంటే ఉత్తరానికే పెరగాలి. జనం అటు పోతే పన్ను కట్టించుకునే ఆఫీసు మాత్రం ఇక్కడే కూర్చుంటుందా? అదీ జనం వెనకే వెళ్లింది. వన్‌టౌన్ వాళ్లకి ఆ బాధ ఇంకా ఉంది, ఉండటంలో తప్పూ లేదు.

ఇక పేరు సంగతి. తెన్నేటి విశ్వనాథంగారు స్వాతంత్ర్య సమరయోధులు, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో పనిచేశారు, 1967లో విశాఖ నుంచి స్వతంత్రుడిగా ఎంపీ అయ్యారు. ఇవన్నీ ఒకెత్తు, విశాఖ ఉక్కు ఉద్యమం ఒకెత్తు. 1966లో అమృతరావుగారి నిరాహార దీక్ష, నవంబరు 1 నాటి కాల్పులు, ఆ వేడిలో అన్ని పార్టీల వాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టి నడిపించిన మనిషి ఆయన. 1979లో విశాఖ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం వచ్చింది, అదే ఏడాది నవంబరులో ఆయన కన్నుమూశారు. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ తర్వాత కార్పొరేషన్ అయింది మన ఊరే, విజయవాడ కూడా మన వెనకే. ఆ ఆఫీసుకి ఆయన పేరు పెట్టడం నా దృష్టిలో సరైన పని. కాకపోతే తెన్నేటి పార్కు అంటే ఊరందరికీ తెలుసు, తెన్నేటి భవన్ అంటే మాత్రం ఆటోవాళ్లు కూడా ఓ క్షణం ఆలోచిస్తారు.

విచిత్రం ఏంటంటే, ఉక్కు ఫ్యాక్టరీని ప్రైవేటుకి ఇవ్వొద్దంటూ 2021లో రిలే దీక్షలు ఈ భవనం ఎదురుగా ఉన్న గాంధీ విగ్రహం దగ్గర కూడా జరిగాయి. ఇప్పటికీ ఏ సంఘం ధర్నా అయినా మొదట చెప్పే అడ్రసు 'జీవీఎంసీ గాంధీ విగ్రహం'.

ప్రశ్న: జీవీఎంసీ లోపల కౌన్సిల్ ఎప్పుడూ ఉన్నదేనా? కలెక్టరాఫీసు, జెడ్పీ (జిల్లా పరిషత్) ఆఫీసు కూడా దీని కిందికే వస్తాయా?
– ఒక డిగ్రీ విద్యార్థి, గాజువాక

జవాబు: ఎప్పుడూ లేదు బాబూ. కార్పొరేషన్‌కి మొదటి ఎన్నికలు 1981లో జరిగాయి, పార్టీ పుట్టిన ఏడాదికే బీజేపీ గెలిచి ఎన్.ఎస్.ఎన్. రెడ్డిగారు మేయరయ్యారు. 2005 నవంబరులో మీ గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాల్ని కలిపి 'గ్రేటర్' చేశారు, 2013లో భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. ఊరు ఇంత పెరిగాక అసలు కౌన్సిలే లేకుండా పోయింది, 2012 నుంచి 2021 దాకా అధికారుల పాలనే. తొమ్మిదేళ్లు వీధి దీపం వెలగకపోతే అడగడానికి కార్పొరేటర్ లేడు. ఇది మామూలు విషయంలా వదిలేశాం గానీ, ఇంత పెద్ద నగరానికి అది సిగ్గుచేటు. 2021 మార్చిలో 98 వార్డులకి ఎన్నికలు జరిగాయి.

మిగతా రెండూ వేరు. మహారాణిపేటలోని కలెక్టరేట్ రాష్ట్ర ప్రభుత్వానిది, అక్కడ ఓటేసి ఎన్నుకున్నవాళ్లు ఉండరు. జిల్లా పరిషత్ పల్లెలది, 1959 చట్టంతో పాత జిల్లా బోర్డుల స్థానంలో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి జిల్లాలు విడిపోయినా 2021లో ఎన్నికైన జెడ్పీ పాలకవర్గం పాత ఉమ్మడి జిల్లాకే కొనసాగింది. విడిపోయాక విశాఖ జిల్లాకి మిగిలిన పల్లె మండలాల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా అల్లూరి జిల్లాలోకి వెళ్లిన పాడేరు కొండల మీద ఊళ్ల పనులకి కూడా తీర్మానం ఈ సిటీలోని జెడ్పీ ఆఫీసులోనే జరిగేది.