కాలేజీ గ్రూపులో అందరూ తమ ఉద్యోగాల గురించి రాస్తున్నారు. చెప్పుకోదగ్గ ఉద్యోగం లేని నేను ఏం రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇంజనీరింగ్ అయిపోయి పదిహేనేళ్లు దాటింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో "ఎవరెవరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు" అని రాయమన్నారు. అమెరికాలు, బెంగళూరులు, విల్లాలు వరసగా వచ్చిపడుతున్నాయి. మీరేమో చిన్న ఊళ్లో చిన్న జీతానికి ఉన్నారు. కాస్త పెంచి రాయాలా, ఊరుకోవాలా, గ్రూపులోంచి బయటికొచ్చేయాలా అని అడిగారు.

నేను మూడోది చేశాను. ఏమైందో చెప్తాను.

మాది 2005-09 బ్యాచ్, సివిల్. గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీ. జేఎన్‌టీయూ హాల్ టికెట్ చూసినవాళ్లకు తెలుసు, చివరి నాలుగంకెల్లో ముందు 01 ఉంటే సివిల్, ఆ తర్వాతది మన నంబరు. నాది 37. ల్యాబు, సర్వే క్యాంపు, పరీక్ష హాల్లో బెంచీ, అన్నీ నంబర్ల వరసలోనే కాబట్టి నాలుగేళ్లూ 36తోనే తిరిగాను. వాడు స్టాఫ్ (అంకెలున్న కొలత కర్ర) పట్టుకుంటే నేను లెవెల్ అనే పరికరంలో చూసి రీడింగ్ చెప్పేవాణ్ణి. ఇంకొకడు 12. నా బస్సు రోజూ పది నిమిషాలు లేటు. మొదటి పీరియడ్‌లో నా నంబరు పిలవగానే వెనక బెంచీలోంచి గొంతు మార్చి "ఎస్ సార్" అనేవాడు. లెక్చరర్ తలెత్తి చూసేలోపే పుస్తకంలోకి వంగిపోయేవాడు.

సత్యం కంప్యూటర్స్ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన ఉత్తరం టీవీల్లోకి వచ్చిన 2009 జనవరి 7కి మేం ఫైనలియర్. అంతకు నాలుగు నెలల ముందే అమెరికాలో లేమాన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది. సివిల్ చదువుతున్నా మాలో సగం మంది చూపు సాఫ్ట్‌వేర్ మీదే ఉండేది. నాకూ ఒక కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది, జాయినింగ్ తేదీ మాత్రం రాలేదు. ఏడాదిన్నర పాటు రోజూ నెట్ సెంటర్‌కి వెళ్లి మెయిల్ చూసుకున్నాను. మా అమ్మ ఆ లెటర్‌ని లామినేషన్ చేయించింది. ఇప్పటికీ బీరువాలో ఉంది.

తర్వాత హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేశాను. ఏడు నెలల జీతం బాకీ పెట్టాడు. నాన్నకి ఆరోగ్యం బాగోక ఊరొచ్చేశాను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల కోసం లక్షకు పైగా ఉద్యోగాలకు ఒకేసారి పరీక్షలు పెట్టారు. సెప్టెంబరులో రాసి, ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా చేరాను. ప్రొబేషన్‌లో నెలకు 15,000. అప్పటికి నాకు ముప్పై రెండేళ్లు. ఇంట్లో వాళ్లు వీధి వీధంతా స్వీట్లు పంచారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రూపులో లిస్టు మొదలైంది. పదేళ్లయింది కదా అని మా సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు వేసి పెట్టాడు. నంబరు, ఊరు, కంపెనీ, డిజిగ్నేషన్, పిల్లలు. ఎవరి లైను వాళ్లు నింపి కింద మళ్లీ పెట్టాలి. 41 మేనేజర్, గచ్చిబౌలి. 36 డాలస్. 19 ఆస్ట్రేలియా, కారు ఫోటోతో సహా. నేను "కంపెనీ" దగ్గర ఆగిపోయాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని రాస్తే గొప్పలు పోయినట్టుంటుంది, గ్రామ సచివాలయం అని రాస్తే నవ్వుతారేమో. టైపు చేయడం, చెరపడం. ఈలోగా ఎవడో "37 ఎక్కడ మావా, పరారీలో ఉన్నాడా" అని నవ్వు బొమ్మ పెట్టాడు. వాడు సరదాకే అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం గ్రూపులోంచి బయటికొచ్చేశాను. మా వీధిలో స్వీట్లు పంచిన ఉద్యోగమే అక్కడ నోరు విప్పనివ్వలేదు. కొన్ని నెలలకి రీచార్జ్ చేయక ఆ సిమ్ కూడా పోయింది.

2021 జూన్‌లో ఒక రాత్రి కొత్త నంబరు నుంచి ఫోన్. "హలో" అనగానే అవతల రెండు క్షణాలు ఏమీ వినపడలేదు.

"ఏరా, ఉన్నావా?" అన్నాడు. 36 గొంతు.

"ఉండక ఎక్కడికి పోతాను?" అన్నాను.

"12 పోయాడ్రా. కరోనా. నెల దాటింది. నీ నంబరు మూడు రోజుల నుంచి స్విచ్ఛాఫ్ వస్తోంది. గ్రూపులో ఎవరికీ నీ సంగతి తెలీదు. మీ ఊరి పేరు మాత్రం గుర్తుంది. మా మావయ్యని పట్టుకుంటే ఆయన మీ ఊళ్లో ఎరువుల కొట్టు ఆయన్ని పట్టుకుని ఈ నంబరు సంపాదించాడు."

సెకండ్ వేవ్ తర్వాత మావాళ్లు మళ్లీ ఆ పాత లిస్టే బయటికి తీశారట, అందరూ క్షేమమేనా అని చూసుకోవడానికి. 12 దగ్గర లైను ఆగిపోయింది. 37 దగ్గర అసలు లైనే లేదు. నేను సిగ్గుతో వదిలేసిన గడిని వాళ్లు మూడు రోజులు ఇంకో రకంగా చదువుకున్నారు. మీరు బయటికొచ్చేయాలనుకుంటే ఆపను గానీ, బయటికొస్తే మనల్ని మర్చిపోతారనో, ఫెయిలయ్యాడనుకుంటారనో మనం లెక్క వేసుకుంటాం. అవతలివాళ్ల లెక్క వేరేగా ఉంటుంది.

మర్నాడు వాడే నన్ను గ్రూపులో మళ్లీ చేర్చాడు. ఈసారి రాశాను. మొదట "ప్రస్తుతానికి సచివాలయంలో చేస్తున్నాను" అని రాసి, తర్వాత "ప్రస్తుతానికి" తీసేశాను. మీరూ ఆ మాట రాస్తే తీసేయండి, అది క్షమాపణలా ఉంటుంది. చివరికి పెట్టింది ఇది: "37, కోనసీమ, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్. సీసీ రోడ్లు, డ్రెయిన్లు చూస్తాను. ఒక పాప."

మూడు బొటనవేళ్లు, ఒక "సూపర్ మావా" వచ్చాయి. ఆ తర్వాత ఎవరో గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్ పెట్టారు. దాదాపు రెండేళ్లు నేను భయపడిన విషయం అక్కడితో అయిపోయింది.

ఇక్కడ చాలామంది "పైకి నవ్వుతారు గానీ లోపల అందరికీ బాధలే" అని మీకు ధైర్యం చెప్తారు. నేను చెప్పను. మా 41 నిజంగానే బాగున్నాడు. జీతం బాగుంది, ఆరోగ్యం బాగుంది, భార్యతో కూడా బాగానే ఉంటాడు. ఒక్కోసారి కుళ్లుగానే ఉంటుంది. అయినా వాడు పెట్టే ఫోటోలు చూస్తాను. కొన్ని బాగుంటాయి కూడా.

అయితే లిస్టులో ఉన్న లైను వేరు, మనిషి సంగతి వేరు. 36 వాళ్ల అమ్మానాన్నలకి అమలాపురం దగ్గర ఇల్లు కట్టిస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో ఒక పొద్దున ఫోన్ చేసి, "స్లాబు వేయించాలా, ఆపాలా?" అని అడిగాడు. ఆపడం ఎందుకన్నాను. అప్పుడు చెప్పాడు, ఉద్యోగం పోయిందని. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజుల గడువుంటుంది. ఈలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే వీసా మార్చుకోవాలి, అదీ కాకపోతే సామాన్లు సర్దుకోవాలి. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి మనవాళ్ల క్యూ కదలదు. పదకొండేళ్లుగా ఉంటున్న ఊళ్లో వాడికి మిగిలింది రెండు నెలలు. ఇవన్నీ వాడు గ్రూపులో రాయలేదు, నేనూ ఎక్కడా అనలేదు. ఇక్కడ రాస్తానని అడిగితే "పేరు రాయకు, ఏమైనా రాసుకో" అన్నాడు.

స్లాబుని మోసే సెంట్రింగ్ చెక్కలు కొట్టేసి ఉన్నాయి, ఐరన్ కట్టేసి ఉంది. ఆపితే సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది, మన కోనసీమ గాలికి ఐరన్ తుప్పు పడుతుంది. స్లాబు వేసేసి, గోడల దగ్గర ఆపుదాం అన్నాను. స్లాబు రోజు సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లాను. వాడు వీడియో కాల్‌లో ఉన్నాడు, అక్కడ రాత్రి తొమ్మిదైంది. కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర కుర్రాడు ప్రతి మిక్సుకీ ఒక బకెట్ నీళ్లు ఎక్కువ పోస్తున్నాడు. జారుగా ఉంటే పరవడం తేలిక మరి. బస్తా సిమెంటుకి పాతిక లీటర్లకి అటూ ఇటూగా చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. ఊచలు చెక్కకి తగలకుండా వాటి కింద పెట్టాల్సిన కవర్ బ్లాకులకి బదులు కంకర ముక్కలు పెట్టారు. తాపీ మేస్త్రి ముందు విసుక్కున్నాడు, "పాతికేళ్లుగా వేస్తున్నామండి ఆయ్" అన్నాడు. నేను సచివాలయం ఇంజనీరునని తెలిశాక బ్లాకులు తెప్పించాడు. గంట ఆలస్యమైంది. ఫోన్లో 36 ఒక్క మాట మాట్లాడకుండా చూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం వాళ్లమ్మగారు పకోడీలు పెడుతూ, "మావాడు చెప్తుంటాడు బాబూ, క్యాంపులో కర్ర పట్టుకునేది తను, లెక్క చెప్పేది నువ్వని" అన్నారు.

మర్నాటి నుంచి స్లాబు మీద మడులు కట్టించి నీళ్లు పెట్టించాను. వాడికి యాభై రెండో రోజున వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. జీతం కొంత తక్కువ. ఈ మధ్యలో గ్రూపులో వాడి లైను ఒక్కక్షరం మారలేదు.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మా క్లాసులో 14 మంది. లిస్టులో ఉన్నది ఐదుగురు. పెళ్లితో ఇంటిపేర్లు, ఫోన్ నంబర్లు మారిపోయి మిగతావాళ్లు దొరకలేదు, నిజానికి మేమూ గట్టిగా వెతకలేదు. మా టాపర్ 08. ఆవిడ లైనులో "హైదరాబాద్, ఇద్దరు పిల్లలు" అని మాత్రమే ఉండేది. నేను రోడ్లు, డ్రెయిన్లు అని రాసింది చూసి, విడిగా మెసేజ్ పెట్టింది. ఇంట్లోనే ఆటోక్యాడ్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తుందట, పని ఉంటే చెప్పమంది. నాకు తెలిసిన లైసెన్స్‌డ్ సర్వేయర్ ఒకాయనకి కలిపాను. ఇప్పుడు మా మండలంలో చాలా ఇళ్ల ప్లాన్లు ఆవిడ కూకట్‌పల్లిలో గీసినవే. డిజిగ్నేషన్ రాసి ఉంటే ఆవిడ నన్ను అడిగేది కాదు, చేసే పని రాశాను కాబట్టి అడిగింది.

ఉద్యోగమే లేకపోతే అదీ రాయండి. 44 అలాగే రాశాడు: "ఉద్యోగం వెతుకుతున్నాను, క్వాంటిటీ సర్వేయింగ్ వచ్చు, ఎనిమిదేళ్ల అనుభవం." వారంలోపే ఇద్దరు రెజ్యూమె అడిగారు. మరీ మురిసిపోకండి, చాలా కంపెనీల్లో రెఫర్ చేసినవాళ్లకి బోనస్ ఇస్తారు. జీతం మాత్రం రాయొద్దు. ఎవరైనా అడిగితే "సరిపోతోంది" అంటే చాలు.

గ్రూపుల్లో చెడు కూడా ఉంది. ప్లాట్లు అమ్మేవాళ్లు, ఇన్సూరెన్సు వాళ్లు, ఎలక్షన్లప్పుడు కొట్టుకునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. నేను ఒకడికి 30,000 అప్పిచ్చాను. వాడే ఆ గులాబీ పువ్వు. ఇప్పటికీ రోజూ పెడతాడు, డబ్బు ఊసెత్తడు. ఇవ్వకండి.

2024 సంక్రాంతికి అందరూ ఊళ్లకొచ్చినప్పుడు కాకినాడలో ఒక హోటల్లో కలిశాం. 31 మందిమి. 41 కాజాలు తెచ్చాడు. భోజనాలయ్యాక సీఆర్ ఆ లిస్టు ప్రింటు తీసుకొచ్చి, లెక్చరర్‌లా కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని అటెండెన్స్ మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. రానివాళ్లకి ఎవరో ఒకరు ప్రాక్సీ కొడుతున్నారు, నవ్వుతున్నారు. పదకొండు అయ్యాక ఆగాడు. కాగితం మీద చూపు పెట్టుకుని తలెత్తలేదు. దాటేద్దామనుకున్నాడేమో, మళ్లీ "పన్నెండు" అన్నాడు, మెల్లగా.

నేను వెనక వరసలో ఉన్నాను. గొంతు మార్చడం నాకు వాడంత బాగా రాదు. "ఎస్ సార్" అన్నాను.

సీఆర్ టిక్కు పెట్టుకుని, "పదమూడు" అన్నాడు.