చెరువు గట్టు మీద పేరంటాలు

ప్రశ్న: మాస్టారూ, మాది కాశీనగర్ దగ్గర పల్లె. మా చెరువు గట్టు ఎన్నిసార్లు వేసినా తెగిపోతుంటే ఒక ఇంటి ఆడపడుచుని బలిచ్చారని, అప్పట్నుంచి నిలిచిందని అమ్మమ్మ చెబుతుంది. గట్టు మీద ఆవిడనే దేవతగా కొలిచే పేరంటాలు గుడి ఉంది. పాత రికార్డుల్లో ఈ సంగతి దొరుకుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు కూడబలుక్కుని చదువుతాను.
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మనవరాలి ఈడుదానివనుకుంటాను, నువ్వనే అంటాను తల్లీ. బలి సంగతి ఏ కరణమూ లెక్కల్లోకి ఎక్కించడు. శిస్తు లేని చెక్క ఉంటే మాత్రం సెంట్లతో సహా రాస్తాడు. అందుకని ఆ పిల్ల కోసం వెతక్కు, మాన్యం కోసం వెతుకు.

పాతపట్నం వైపు మా అమ్మ పుట్టిన ఊళ్ళోనూ ఇదే కథ. పిల్లని తీసుకున్నందుకు రాజుగారు పుట్టింటివాళ్ళకి భూమి రాసిచ్చారని అక్కడ ఇంకో ముక్క కలుపుతారు. రిటైరైన ఏడాది, ఆ భూమేదో చూద్దామని ఇనాం ఫెయిర్ రిజిస్టరు కోసం బయల్దేరాను. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసి, శిస్తు లేకుండా అనుభవిస్తున్న భూములకి హక్కేమిటని విచారించి రాయించిన పుస్తకం అది. ఏ ఊరు, ఎంత భూమి, ఎవరిచ్చారు, దేనికిచ్చారు, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, అతని వయసెంత, అన్నిటికీ గడులుంటాయి. జమీందారీ ఊరైనా సరే, జమీందార్లు కట్టాల్సిన శిస్తుని శాశ్వతంగా ఖాయం చేసిన 1802 పర్మనెంట్ సెటిల్మెంటుకి ముందిచ్చిన ఇనాములు అందులో చూడాలి.

మొదటి రెండు రోజులు దండగ. ఊరి పేరు 'వ'తో మొదలవుతుంది, ఎంత వెతికినా లేదు. మూడోరోజు టీకి బయటికొచ్చినప్పుడు తట్టింది: రాసింది ఒడియా గుమాస్తా అయితే 'వ'ని 'బ' అంటాడు కదా! వెళ్ళి 'బ' దగ్గర చూస్తే నిక్షేపంగా ఉంది. ఒడియా చదివినదానివి, నీకైతే మొదటిరోజే తట్టేది.

ఎకరం చిల్లర చెక్క. దేనికిచ్చారన్న గడిలో, చెరువు తూము తీసి మూసే పనికి అని ఉంది. బలి లేదు, రాజుగారి పరిహారం లేదు, అసలు ఆడమనిషి పేరే లేదు. విసుగొచ్చి మూసేయబోతూ అనుభవదారు ఇంటిపేరు చూశాను. ఇప్పటికీ పేరంటాలు పండక్కి మొదటి చీర పెట్టేది ఆ ఇంటిపేరువాళ్ళే. ఆవిడ మా ఇంటి ఆడపడుచు అని చెప్పుకునేదీ వాళ్ళే. గట్టు తెగితే ఊరు మొదట నిలదీసేది తూము కాసేవాణ్ణే. ఆ ఇంటి పిల్ల ఎవరైనా నిజంగా ఆ నీళ్ళలో పోయిందో, పనికిచ్చిన భూమికి జనం కథ కట్టారో! నా మొగ్గు రెండోదానికే. మా అమ్మ బతికుంటే ఈ మాటకి ఆ పూట అన్నం పెట్టేది కాదు.

ఇక నీ పని. గజపతి జిల్లా 1992లో పుట్టింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనం మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లా. పర్లాకిమిడి జమీ కూడా ఆ రోజు రెండు ముక్కలై, పర్లాకిమిడి ఒడిశాకి, పాతపట్నం మద్రాసుకి పోయాయి. కాబట్టి పర్లాకిమిడి కలెక్టరేటుతో సరిపెట్టుకోకు. గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురంలో రికార్డు రూం అడుగు. అక్కడ కాకపోతే భువనేశ్వర్‌లో ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్, చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉన్నాయి. దరఖాస్తులో 'మా ఊరి చరిత్ర కావాలి' అని రాస్తే గుమాస్తా తల పట్టుకుంటాడు. ఊరు, పాత తాలూకా, రిజిస్టరు పేరు రాయి. కాగితాల్లో ఫసలీ, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం, కనిపిస్తే ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలుపు. ఫసలీ 1300 అంటే 1890 జూలైలో మొదలైన ఏడాది.

కరణాల తెలుగు లెక్కలు దొరికితే మాత్రం అవి నీ తెలుగుకే కాదు, నా తెలుగుకీ లొంగవు. అంతా గొలుసుకట్టు రాత, ఏ అక్షరం ఎక్కడ ముగిసిందో తెలీదు. పాత కరణాల ఇళ్ళలో అది చదవగలిగే పెద్దాయన ఎవరైనా ఉంటే ముందు ఆయన్ని పట్టుకో. ఛత్రపురం బయల్దేరే ముందు, మీ పేరంటాలుకి మొదటి చీర ఎవరు పెడతారో అమ్మమ్మనడిగి ఆ ఇంటిపేరు రాసుకో.