జీన్ హ్యాక్‌మన్ సినిమాలు దేంతో మొదలుపెడితే బాగుంటుంది?

"పేరు చాలాసార్లు విన్నా, ఒక్క సినిమా కూడా చూళ్ళేదు, అంత గొప్ప నటుడా, దేంతో మొదలెట్టాలి" అని అడిగారు కదా. నా అనుభవం చెప్తా, ఎందుకంటే నేను ఒకసారి ముగ్గురి చేత తప్పు సినిమాతో మొదలెట్టించి హాయిగా నిద్రపుచ్చా.

అమీర్‌పేటలో కోచింగ్ కోసం హాస్టల్లో ఉన్న రోజులు. రాత్రి పూట హాల్లో టీవీ మాదే. సూపర్‌మ్యాన్‌లో విగ్గులు మార్చుకుంటూ వాగుతూ ఉండే లెక్స్ లూథర్, క్రిమ్సన్ టైడ్‌లో ఎవడి మాటా వినని సబ్‌మెరైన్ కెప్టెన్, ఎనిమీ ఆఫ్ ద స్టేట్‌లో విల్ స్మిత్‌ని తిట్టుకుంటూనే కాపాడే ముసలాయన, ఈ ముగ్గురూ ఒక్కడే అని నాకు చాలా రోజులు తట్టలేదంటే నమ్మండి. మొహం మారదు, మేకప్ కూడా పెద్దగా ఉండదు, ఐనా గుర్తుపట్టలేం. (లూథర్ వేషానికి మీసం తియ్యనంటే, నువ్వు తీస్తే నేనూ తీస్తా అన్నాడంట డైరెక్టర్ రిచర్డ్ డానర్, తీరా ఈయన తీసేశాక డానర్ తన మీసం పీకి చూపించాడు, అది పెట్టుడు మీసం.)

ఎనిమీ ఆఫ్ ద స్టేట్‌లో ఆ ముసలాయన పాత ఫోటో ఒకటి చూపిస్తారు, అది 1974లో వచ్చిన ద కాన్వర్సేషన్‌లో హ్యాక్‌మన్ ఫోటోనే అని తర్వాత ఎక్కడో చదివి, ఆ సినిమా సీడీ సంపాదించి రూమ్మేట్స్‌ని కూర్చోబెట్టా. ఇతరుల మాటలు దొంగచాటుగా రికార్డు చెయ్యడమే పనిగా బతికే ఒక ఒంటరి మనిషి కథ. ఛేజులు లేవు, ఫైట్లు లేవు. అరగంటకి ఒకడు గురక. చివర్లో తన ఫ్లాట్‌లోనే ఎవడో మైకు పెట్టాడని తెలిసి గోడలూ నేలా అన్నీ పీకేసి, ఏమీ దొరక్క, ఆ చెత్త మధ్యన కూర్చుని శాక్సోఫోన్ వాయించుకుంటాడు చూడండి, అప్పటికి మేలుకుని ఉన్నది నేనొక్కణ్ణే. నా దృష్టిలో ఆయన బెస్ట్ అదే, కానీ దాంతో మాత్రం మొదలెట్టకండి.

మొదలెడితే 1971 ఫ్రెంచ్ కనెక్షన్‌తో మొదలెట్టండి. అందరూ కారు ఛేజు గురించే చెప్తారు, నాకు నచ్చింది వేరే. డ్రగ్స్ డాన్ లోపల రెస్టారెంట్లో వైన్ తాగుతూ ఒక్కో ఐటమ్ తెప్పించుకు తింటుంటాడు, హ్యాక్‌మన్ వేసిన పోలీసేమో రోడ్డుకి ఇవతల చలికి కాళ్ళు కొట్టుకుంటూ పిజ్జా ముక్క నములుతుంటాడు. కాఫీ ఒక గుక్క తాగి మిగతాది కింద పారబోస్తాడు. అంతే, డైలాగ్ లేదు. వాడి జీతమెంతో, వాడి కడుపుమంట ఎంతో ఆ పారబోయడంలోనే తెలిసిపోతుంది. ఉత్తమ నటుడి ఆస్కార్ దానికే వచ్చింది, అప్పటికి ఆయనకి నలభై దాటాయి.

ఈ లేటుకి వెనక పెద్ద కథ ఉంది. 1930లో కాలిఫోర్నియాలో పుట్టి ఇల్లినాయిలోని డాన్విల్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. పదమూడేళ్ళప్పుడు వీధిలో ఆడుకుంటుంటే నాన్న కార్లో వెళ్తూ చెయ్యి ఊపాడు, అదే ఇల్లు వదిలి పోవడం. ఒక చిన్న సైగలో ఎంత అర్థం ఉంటుందో అప్పుడు తెలీలేదు, బహుశా అందుకే యాక్టర్ని అయ్యానేమో అని పెద్దయ్యాక ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదివాక ఆ కాఫీ సీను నాకు ఇంకోలా కనిపించింది. పదహారేళ్ళకే వయసు ఎక్కువ చెప్పి అమెరికా సైన్యంలోని మెరైన్స్ దళంలో చేరాడు. తర్వాత పాసడీనా ప్లేహౌస్ అనే నాటకాల సంస్థలో యాక్టింగ్ నేర్చుకుంటుంటే ఆయన్నీ, డస్టిన్ హాఫ్‌మన్‌నీ కలిపి ఎప్పటికీ పైకి రానివాళ్ళుగా తేల్చారు తోటివాళ్ళు. న్యూయార్క్‌లో రెస్టారెంట్ ముందు డోర్‌మన్‌గా నిలబడ్డాడు, ఆ దారినే పోతున్న పాత మెరైన్ ఆఫీసర్ చూసి ఛీ అని తిట్టి మరీ పోయాడంట. 1967లో బానీ అండ్ క్లైడ్‌లో హీరో క్లైడ్‌కి అన్నగా వేసేదాకా పేరే లేదు.

ఆ తర్వాత ఆగలేదు, మంచివీ చెత్తవీ అన్నీ చేశాడు, డబ్బు కోసం చేసినవి చూస్తే తెలిసిపోతాయి, అవి వదిలెయ్యండి. అన్‌ఫర్గివెన్ (1992) మాత్రం వదలొద్దు. హింస ఎక్కువని ముందు వద్దన్నాడు, క్లింట్ ఈస్ట్‌వుడ్ నచ్చజెప్పి ఒప్పించాడు, రెండో ఆస్కార్ దానికే. అందులో క్రూరమైన షెరిఫ్, కానీ తీరిక దొరికితే సొంతంగా ఇల్లు కట్టుకుంటుంటాడు, వడ్రంగం అస్సలు రాదు, వానొస్తే కప్పు కారుతుంది, కింద గిన్నెలు పెట్టుకుంటాడు. చచ్చేముందు కూడా ఆ ఇంటి గురించే అంటాడు. విలన్ మీద జాలేసి నా మీద నాకే చిరాకేసింది.

2004లో నటించడం మానేశాడు. గుండె ఒత్తిడి తట్టుకునే స్థితిలో లేదని డాక్టర్ చెప్పాడు, ఇక చాలనుకున్నాడు. ఫేర్‌వెల్ లేదు, రీఎంట్రీ లేదు. న్యూ మెక్సికోలో శాంటా ఫేలో ఉంటూ నవలలు రాసుకున్నాడు. మన దగ్గర ఎనభై ఏళ్ళకి కూడా పంచ్ డైలాగులు చెప్పించే అలవాటు కదా, నాకది కొంచెం వింతగానే అనిపించింది.

2025 ఫిబ్రవరిలో 95 ఏళ్ళ వయసులో పోయాడని తెలిసిన వారం, ఆయన బాస్కెట్‌బాల్ కోచ్‌గా వేసిన హూసియర్స్ పెట్టా, మా నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, బాస్కెట్‌బాల్ అసలే తెలీదు. పల్లెటూరి పిల్లల టీమ్ ఫైనల్స్‌కి పెద్ద స్టేడియంలోకొచ్చి బిక్కచచ్చిపోయి చూస్తుంటే కోచ్ హ్యాక్‌మన్ ఏమీ లెక్చరివ్వడు, టేపు తీసి రింగు కింద నుంచి ఫ్రీ త్రో గీత దాకా కొలిపిస్తాడు, పదిహేను అడుగులు. ఒకణ్ణి ఇంకొకడి భుజాలెక్కించి రింగు ఎత్తు కొలిపిస్తాడు, పది అడుగులు. నేను తెలుగులో చెప్పబోతుంటే నాన్న చెయ్యడ్డం పెట్టి "వాళ్ళ ఊళ్ళో దానంతే ఉంది కదా, తెలుస్తానే ఉందిలే" అన్నారు. సినిమా అయ్యాక, ఈయన నిజంగా కోచేనా అని అడిగారు.