జలుబో, అలర్జీయో తేల్చుకోవడం ఎలా

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు పడిశం పట్టి మూడు వారాలైనా తగ్గలేదనీ, ఇంట్లో మిగిలి ఉన్న యాంటీబయాటిక్ సిరప్ పట్టించమంటావా అనీ అడిగావు. పట్టించవద్దు. అది జలుబో, అలర్జీయో, మరొకటో ముందు తేలాలి. ముక్కు కారడం ఒక్కటే చూసి అది తేల్చలేము గనుక, వేరే ఏయే సంగతులు గమనించాలో రాస్తున్నాను.

అన్నింటికంటే ముందు దురద సంగతి చూడు. కళ్ళు, ముక్కు, అంగిలి దురద పెడుతూ, తుమ్ములు వరసగా వచ్చి, ముక్కు నుంచి పలచగా నీరు కారుతూ, ఒళ్ళు మాత్రం వెచ్చబడకుండా ఉంటే అలర్జీని అనుమానించాలి. జలుబులోనూ తుమ్ములు వస్తాయి, ముక్కు కారుతుంది. కాని అందులో గొంతు నొప్పి తరచుగా ఉంటుంది, కళ్ళ దురద అరుదు. చిన్నపిల్లలు దురదగా ఉందని నోటితో చెప్పలేరు, కాబట్టి వాళ్ళ చేతులను కనిపెట్టి ఉండాలి. మా చిన్నవాడు నాలుగేళ్ళ వయసులో అరచేత్తో ముక్కు కొనను పైకి తోస్తూ రుద్దుకునేవాడు. అలా రుద్దగా రుద్దగా ముక్కు మీద అడ్డంగా సన్నని గీత పడింది, కళ్ళ కింద నలుపు వచ్చింది. నిద్ర చాలక అలా ఉన్నాడనుకుని, వాడి బాధను రెండేళ్ళపాటు జలుబుగానే లెక్కగట్టాను. ఆ గీతను చూసిన డాక్టరు "ఏటా ఈ నెలల్లోనే వస్తోందా?" అని అడిగేదాకా నాకు ఆ ఆలోచనే తట్టలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

అందుకే తేదీలు రాసిపెట్టుకోమంటున్నాను. జలుబు వైరస్ సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడి, రెండు మూడు రోజులు ముదిరి, సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తగ్గుతుంది. దగ్గు మాత్రం మరికొన్నాళ్ళు సాగవచ్చు. అలర్జీకి ఇలాంటి గడువు లేదు. గాలిలో పుప్పొడి ఉన్నన్ని వారాలూ అది ఉంటుంది. దుమ్ములోని సూక్ష్మ పురుగులు కారణమైతే ఏడాది పొడుగునా ఉండవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. జలుబు తెచ్చే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి గనుక, బడికి వెళ్ళే పిల్లలకు ఒకటి తగ్గీ తగ్గకముందే మరొకటి అంటుకుని, నెలంతా ఒకే జలుబు ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో బాబు రెండు మూడు రోజులైనా తేటగా ఉన్నాడా, మళ్ళీ మొదలైనప్పుడు ఒళ్ళు వెచ్చబడిందా అన్నది గుర్తు చేసుకో.

చీమిడి పచ్చబడిందని రాశావు. రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలలోని ఎంజైమ్ వల్ల ఆ రంగు వస్తుంది; మామూలు వైరస్ జలుబులోనూ వస్తుంది. కేవలం రంగును బట్టి యాంటీబయాటిక్ అవసరమని నిర్ణయించకూడదు, వైరస్ మీద ఆ మందు పనిచేయదు కూడా. అయితే పది రోజులు దాటినా ఏమాత్రం మెరుగు లేకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరంతో తిరగబెట్టినా, సైనస్‌లలో బాక్టీరియా చేరిందేమో డాక్టరు చూడాలి. ఒక్క ముక్కు రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే, పిల్లవాడు పూసో గింజో లోపలికి దూర్చుకున్నాడేమో చూపించాలి.

ఫ్లూ మెల్లగా రాదు. పొద్దున ఆడుకున్న పిల్లవాడు సాయంత్రానికి తీవ్రమైన జ్వరంతో, ఒళ్ళు నొప్పులతో మంచం పడతాడు. దానికి వాడే వైరస్ నిరోధక మందులు మొదటి 48 గంటలలో ఆరంభిస్తే ఎక్కువ మేలు చేస్తాయి గనుక జాగు చేయకూడదు. కోవిడ్ లక్షణాలు మాత్రం జలుబుతోనూ ఫ్లూతోనూ కలిసిపోతాయి. పరీక్ష చేయించకుండా ఎంత అనుభవమున్నవారూ తేల్చి చెప్పలేరు.

నాకు అన్నింటికంటే భయం కలిగించేది ఊపిరి సంగతి. రాత్రిపూట దగ్గు ఎక్కువవుతూ, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినిపిస్తే, అలర్జీతో పాటు ఉబ్బసం కూడా ఉండవచ్చు. ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పు. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, వెలుతురులో డొక్కలు చూడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఆయాసంతో మాట రాకపోయినా, నీళ్ళు తాగలేకపోయినా, తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళు.

అలాంటివేమీ లేకపోతే, ఎప్పుడు మొదలైందో, జ్వరం ఎంత ఉందో, దురద ఉందో లేదో, ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందో, బయటికి వెళ్ళినప్పుడు ఎక్కువవుతోందో ఒక కాగితం మీద రాసుకుని, ఈ వారంలోనే డాక్టరుకు చూపించు. మూడు వారాలంటే ఇంకా ఆగవలసిన సమయం కాదు. ఇంతకుముందు వాడిన మందుల సీసాలు కూడా వెంట తీసుకువెళ్ళు. ఆయన ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు తెలియజేయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ