నాగుపామా, జెర్రిపోతా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. శెనక్కాయ కళ్లంలో ఆరడుగుల గోధుమరంగు పాము కనబడితే అందరూ నాగుపామని కట్టెలు తీశారు, మా నాయన ఒక్కడే జెర్రిపోతు అన్నాడు. ఎట్లా గుర్తుపట్టాలి?

జవాబు: మీ నాయన మాటే నిజం కావచ్చు. జెర్రిపోతుకు కళ్లు పెద్దవి, మెడ తలకన్నా సన్నం, పెదవుల మీద కాటుకతో గీసినట్టు వరసగా నిలువు గీతలు, తోక వైపు నల్లటి అడ్డపట్టీలు. పడగ ఉండదు, అయితే నాగుపాము కూడా బెదిరితేనే పడగ విప్పుతుంది కాబట్టి ఆ ఒక్క గుర్తు నమ్ముకుని దగ్గరికి పోవద్దు. కరిస్తే ఏ పామో తేల్చుకుంటూ కూర్చోకుండా నేరుగా ఆసుపత్రికే. జెర్రిపోతుకు విషం లేదు, ఎలుకల్ని తింటుంది, రైతుకు ఇంకేం కావాలి! నాగుపాముతో జతకడుతుందన్నది ఉత్తమాట. అట్లా పెనవేసుకుని లేచేవి చాలాసార్లు కొట్లాడుకునే రెండు మగ జెర్రిపోతులే.