మా అక్కకి మామోగ్రామ్‌లో (రొమ్ము ఎక్స్‌రేలో) ఏమీ లేదు, ఎంఆర్ఐలో పెట్టి రొమ్ముకి బయాప్సీ (పరీక్షకి చిన్న ముక్క తీయడం) చేస్తామన్నారు, బాగా నొప్పిగా ఉంటుందా?

మీ అక్కగారికిలాగే నాకూ మామోగ్రామ్‌లో ఏమీ లేదండీ, ఎంఆర్ఐలో మాత్రం చిన్న మచ్చ కనిపించింది. సూదికి మరీ అంత టెన్షన్ అక్కర్లేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు చురుక్కుమంటుంది, ఆ తర్వాత ఎవరో నొక్కి లాగుతున్నట్టు తెలుస్తుంది, అంతే. నన్నడిగితే కదలకుండా అంతసేపు బోర్లా పడుకోవడమే కష్టం, మెడ పట్టేస్తుంది, కాబట్టి పడుకోగానే దిండు సరిగ్గా సర్దించుకోమనండి, మధ్యలో కదిలితే ఎక్కడ గుచ్చాలన్న లెక్క మొత్తం తప్పుతుంది.

అన్నిటికంటే ముందు డాక్టర్ని ఒకటి అడగండి, ఎంఆర్ఐ తర్వాత అదే చోట మళ్లీ అల్ట్రాసౌండ్‌తో వెతికారా అని. అందులో దొరికితే అల్ట్రాసౌండ్ చూస్తూనే ముక్క తీసేస్తారు, అది చాలా తేలిక. నాకు అందులో దొరకలేదు కాబట్టే ఎంఆర్ఐలో పెట్టి చేశారు.

బల్లకున్న ఖాళీలోంచి రొమ్ము కిందికి వేలాడేలా పడుకోబెట్టి రెండు పక్కలా ప్లేట్లు బిగిస్తారు. ఒక ప్లేటు గళ్లుగళ్లుగా ఉంటుంది, ఏ గడిలోంచి ఎంత లోతుకి వెళ్లాలో కంప్యూటర్ లెక్కకడుతుంది. గుర్తు కోసం దానికి మామూలు విటమిన్ ఇ క్యాప్సూల్ అంటించారు, అంత పెద్ద మెషీన్‌కి మందులషాపు మాత్రా అని నవ్వొచ్చింది! స్కాన్‌లో అది తెల్లగా మెరుస్తుందట. చేతి నరానికి గాడోలినియం అనే స్కాన్ మందు ఎక్కిస్తేనే మచ్చ వెలుగుతుంది, కాసేపటికి చుట్టుపక్కల కండా వెలిగి కలిసిపోతుంది, అందుకే వాళ్లు హడావుడి పడతారు. బల్లని బయటికి లాగి గొట్టం గుచ్చి, మళ్లీ లోపలికి పంపి సరైన చోటే ఉందో లేదో చూసుకుని, అప్పుడు వాక్యూమ్ సూదితో (లోపలికి పీల్చుకునే సూది) ముక్కలు తీస్తారు. చివర్లో ముక్క తీసిన చోటికి గుర్తుగా నువ్వుగింజంత టైటానియం క్లిప్పు లోపలే వదిలేస్తారు, దాంతో ఏ ఇబ్బందీ ఉండదు.

ఒక్కోసారి ఆ రోజు మచ్చ అసలు కనిపించదు, అప్పుడు బయాప్సీ ఆపేసి కొన్ని నెలలకి మళ్లీ స్కాన్ చేస్తారు, కంగారు పడొద్దు.

నల్లపూసలు, మెట్టెలు ఇంట్లోనే తీసేయమనండి. నా మెట్టెలు బిగుసుకుపోయి అక్కడ సబ్బునీళ్లు రాసి లాగాల్సొచ్చింది. రక్తం పలచబడే మాత్రలుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపొద్దు. ముందు గుండీలున్న బట్టలు వేసుకెళ్తే మేలు, కట్టు, ఐసుప్యాకు ఉంటాయి, కమిలిన నీలం మచ్చ కొన్నాళ్లుంటుంది.

రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా, స్కాన్‌లో కనిపించినదానికి ఇది సరిపోతోందా అని రేడియాలజిస్టుని అడగండి. సరిపోకపోతే మళ్లీ ముక్క తీయడమో, ఆపరేషన్ చేసి చూడడమో ఉంటుంది.