యూదులు తమ చరిత్రను తామే నిలదీసుకున్న సినిమా ఏదైనా ఉందా?

మీరు అడిగింది: "యూదులకు జరిగిన ఘోరంతో పాటు, నేల విషయంలో తమవాళ్లు చేసినదాన్ని కూడా నిలదీసే యూదు సినిమా ఏదైనా ఉందా?"

ఉంది. ఇజ్రాయెల్ కళాకారిణి యాయెల్ బర్తానా 2007 నుంచి 2011 దాకా పోలండ్‌లో తీసిన మూడు చిన్న సినిమాలు చూడండి. అన్నీ కలిపి గంట. 2011లో వెనిస్ బియనాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో పోలండ్ తరఫున వీటినే ప్రదర్శించారు. ఆ దేశ పౌరురాలు కాని కళాకారిణికి ఆ అవకాశం దక్కడం అదే మొదటిసారి.

మొదటిదాంట్లో వార్సాలో గడ్డి మొలిచిన పాత స్టేడియం. ఒక యువ నాయకుడు 33 లక్షల మంది యూదుల్ని తిరిగి రమ్మని పిలుస్తాడు. యుద్ధానికి ముందు పోలండ్‌లో ఉన్న యూదుల సంఖ్య అది. వాళ్లలో నూటికి తొంభై మందిని నాజీలు చంపేశారు. ఆ ప్రసంగం వినడానికి మెట్ల మీద ఎవరూ ఉండరు.

నన్ను కుదిపేసింది రెండోది. దానికి కారణం నేనున్న ఇల్లు. ఉద్యోగం మీద వెళ్లి రెండేళ్లు వార్సాలోని మురానోవ్‌లో అద్దెకున్నాను. వీధిలోంచి మా గుమ్మానికి పది మెట్లెక్కాలి. ఏదో చిన్న దిబ్బ అనుకునేవాణ్ణి. అది ఘెట్టో, అంటే నాజీలు యూదుల్ని గోడకట్టి బంధించిన పేట, శిథిలాల దిబ్బ అని పక్కింటి పెద్దాయన చెప్పారు. 1943లో అక్కడి యూదులు చేసిన తిరుగుబాటు తర్వాత నాజీలు ఘెట్టోను నేలమట్టం చేశారు. యుద్ధం అయ్యాక ఆ శిథిలాల మీదే, వాటిని పొడి చేసి పోసిన దిమ్మెలతోనే ఇళ్లు కట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సినిమాలో పిలుపు విని వచ్చిన యువతీయువకులు ఆ మురానోవ్‌లోనే చెక్కలతో గోడ, మధ్యలో కాపలా మంచె నిలబెడతారు. ఆ నమూనా పాలస్తీనాది. 1936–39లో అరబ్బుల తిరుగుబాటు రోజుల్లో యూదులు ఇలాగే ఒక్క రోజులో గోడా మంచే లేపి, యాభైకి పైగా ఊళ్లు కట్టుకుని నేల మీద పాతుకుపోయారు. సినిమాలో పాటలు పాడుకుంటూ, నవ్వుతూ కడతారు. చివర్లో చుట్టూ ముళ్లకంచె వేస్తారు. అప్పుడు చూస్తే అది ఊరిలాగా కనిపిస్తుంది, నాజీ క్యాంపులాగా కూడా కనిపిస్తుంది. యూదుల్ని పోగొట్టుకున్న పోలండ్‌ని, పాలస్తీనాలో కంచె వేసిన తనవాళ్లని బర్తానా ఆ ఒక్క దృశ్యంలో కలిపి అడిగింది. అంత ధైర్యం నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడోదాంట్లో ఆ నాయకుణ్ణి ఎవరో హత్య చేస్తారు. అంత్యక్రియల ప్రసంగాలు నాకు కొంచెం ఎక్కువనిపించాయి, అయినా వదలకండి. వరసలోనే చూడండి.

సినిమా చూసి ఇంటికొచ్చిన రోజు ఆ పది మెట్లూ చాలా నెమ్మదిగా ఎక్కాను.